రియల్ ఎస్టేట్ ఏజెంటుగా దిగుదామనుకుంటున్నా, ఉన్న ఉద్యోగం మానేయొచ్చా?

ఘట్‌కేసర్ కుర్రోడు · 2025 జూన్ 15, రాత్రి 10:40

నమస్తే అందరికీ. నాకు 27 ఏళ్లు. ఉప్పల్‌లో ఒక మొబైల్ షాపులో సేల్స్ చేస్తున్నా. జీతం 22 వేలు, టార్గెట్ కొడితే ఇంకో రెండు మూడు వేలు. నాన్న ఆటో నడుపుతారు. చెల్లి పెళ్లికి ఉంది.

పోయిన ఆదివారం మా ఫ్రెండు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఫంక్షన్ హాలుకు తీసుకుపోయాడు. ఏదో వెంచర్ కంపెనీ (భూమి కొని ప్లాట్లు చేసి అమ్మేవాళ్లు) మీటింగ్. స్టేజీ మీద సూటు వేసుకున్నాయన మైకు పట్టుకుని ‘వచ్చే దసరాకు కారు కొనేదెవరు?’ అంటే అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను, అబద్ధం ఎందుకు. ఏజెంటు ఐడీ కార్డు ఫ్రీ అట. గజానికి 1,200 కమీషన్. 200 గజాల ప్లాటు ఒక్కటి అమ్మితే 2 లక్షల 40 వేలు, అంటే నాకు పదకొండు నెలల జీతం! కింద మనుషుల్ని చేర్పిస్తే వాళ్లు అమ్మినదాని మీద కూడా వస్తుందట.

రాత్రి నిద్ర పట్టలేదు. షాపులో రాజీనామా ఇచ్చేద్దామని ఉంది. ఈ లైన్లో ఉన్నవాళ్లు చెప్పండి. చదువేమన్నా కావాలా, లైసెన్సు కావాలా, ఎక్కడ మొదలుపెట్టాలి?

ఉప్పల్ రింగురోడ్డు · జూన్ 15, రాత్రి 11:05

తమ్ముడూ, రాజీనామా ఇంకా ఇవ్వలేదు కదా? ఇవ్వకు.

ముందు ఒకటి చెప్పు. నీ ఫోనులో ఉన్న వంద మంది పేర్లు, నంబర్లు రాసుకురమ్మని ఒక నోట్‌బుక్ ఇచ్చారా?

ఘట్‌కేసర్ కుర్రోడు · జూన్ 15, రాత్రి 11:09

అవునన్నా! నీకెలా తెలుసు? మొదటి పేజీ ‘బంధువులు’, రెండోది ‘క్లాస్‌మేట్స్’. బుధవారం లోపల నింపి తెమ్మన్నారు.

ఉప్పల్ రింగురోడ్డు · జూన్ 15, రాత్రి 11:31

నాకూ 2018లో ఇచ్చారు. నింపాను కూడా. మూడో పేరు మా మేనత్తది. ఆమెతో యాదగిరిగుట్ట రోడ్డులో 150 గజాలు కొనిపించాను. లేఅవుట్‌కు పర్మిషన్ ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. సగం డబ్బు కట్టించుకుని అగ్రిమెంటు రాసిచ్చారు. 2020 ఆగస్టులో సర్కారు అనుమతి లేని లేఅవుట్ల రిజిస్ట్రేషన్లు ఆపేసింది. ఎల్‌ఆర్‌ఎస్ (అనుమతి లేని లేఅవుట్లోని ప్లాటును క్రమబద్ధం చేసే ఫీజు) కడదామంటే అత్త పేరు మీద రిజిస్టర్డ్ డాక్యుమెంటు లేదు. కంపెనీ బోర్డు మారింది, ఫోను నంబర్లు మారాయి.

నాకు వచ్చిన కమీషన్ ఖర్చయిపోయింది. పెళ్లిళ్లలో ఎదురుపడితే అత్త ఆ ప్లాటు సంగతి ఎత్తదు, ‘బాగున్నావారా’ అని మాత్రం అడుగుతుంది.

కాబట్టి బుధవారం నువ్వు పట్టుకెళ్లాల్సింది పుస్తకం కాదు, మూడు ప్రశ్నలు. రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను రిజిస్టర్ చేసే సర్కారు సంస్థ) నంబరు ఎంత? లేఅవుట్ పర్మిషన్ నంబరు ఎంత, ఇచ్చింది హెచ్‌ఎండీఏనా (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ), డీటీసీపీనా (రాష్ట్ర టౌన్ ప్లానింగ్ శాఖ)? సర్వే నంబర్లు ఏవి? మూడూ కాగితం మీద రాసివ్వమను. ఎలా ముఖం పెడతారో చూడు.

ఫార్చ్యూనర్ కల · జూన్ 16, ఉదయం 7:50

పొద్దున్నే మొదలుపెట్టారా ఏడుపు. నేను నాలుగేళ్లుగా ఒక వెంచర్ కంపెనీలోనే చేస్తున్నా. 31 ప్లాట్లు అమ్మాను. హెచ్‌ఎండీఏ ఫైనల్ లేఅవుట్, రెరా, బ్యాంకు లోను అన్నీ ఉన్నవే. కారు కొన్నా, సెకండ్ హ్యాండే అనుకోండి. జీతగాడిగా ఉంటే ఈ జన్మలో కొనేవాణ్ని కాదు. అందరినీ ఒకే గాటన కట్టొద్దు.

ఒకటి మాత్రం నిజం. మొదటి మూడు ప్లాట్లు మా చుట్టాలకే అమ్మాను. మొదటి ఎనిమిది నెలలు పెట్రోలు డబ్బులు కూడా రాలేదు.

పాత దస్తావేజు · జూన్ 16, మధ్యాహ్నం 2:15

ఎల్బీనగర్, వనస్థలిపురం, హయత్‌నగర్ వైపు 22 ఏళ్లుగా ఇదే నా బతుకు. కాస్త పొడుగ్గానే రాస్తాను, టీ పెట్టుకుని చదువుకో తమ్ముడూ.

ఏజెంటు పని అని అందరూ ఒకే మాట అంటారు గానీ ఇందులో మూడు వేరు వేరు దుకాణాలున్నాయి. ఒకటి కంపెనీ వెంచర్లు. సరుకు వాళ్లది, గొంతు నీది. రెండోది రీసేల్. ఒకాయన ఇల్లో ప్లాటో ఇంకొకాయనతో కొనిపించడం. ఇందులో మా వైపు ఆనవాయితీ అటు ఒక శాతం, ఇటు ఒక శాతం. ఇస్తామన్నది వేరు, చేతికి వచ్చేది వేరు, అది తర్వాత చెబుతా. మూడోది అద్దెలు. నెల అద్దె, లేదా సగం నెల అద్దె కమీషన్. మీటింగులో నీకు మొదటి దుకాణమే చూపించారు. నేర్చుకోవడానికి మాత్రం తిరగేసి మూడో దాంట్లోంచి రావాలి.

చట్టం సంగతి. 2016 నాటి రెరా చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుటైనా, ఎనిమిదికి మించి ఫ్లాట్లున్న బిల్డింగైనా రెరాలో రిజిస్టర్ కాకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. ‘ప్రీ లాంచ్ ఆఫర్’ అని వినపడిందంటే అక్కడ చట్టం తప్పినట్టే. అలాంటి ప్రాజెక్టుల్లో అమ్మాలంటే ఏజెంటుకు కూడా సొంత రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. మన దగ్గర ఒక్క మనిషి పేరు మీదైతే ఫీజు పది వేలు, కంపెనీ పేరు మీదైతే యాభై వేలు. ఐదేళ్లు చెల్లుతుంది. డిగ్రీ అక్కర్లేదు. మహారాష్ట్రలో 2023 నుంచి ఏజెంట్లకు శిక్షణ, పరీక్ష పెట్టారు. రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మితే రోజుకు పది వేల చొప్పున, అమ్మిన ఆస్తి ఖరీదులో ఐదు శాతం దాకా జరిమానా పడొచ్చు. ఆ జరిమానా స్టేజీ మీద సూటాయనకు కాదు, నీకు. ‘ఐడీ ఫ్రీ’ అన్న కార్డు నీకు రెరా రిజిస్ట్రేషన్ కాదు.

ఇక గజానికి 1,200 ఎక్కడి నుంచి వస్తుందో లెక్క కట్టావా? ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు, మొత్తం 4,840 గజాలు. రోడ్లు, పార్కు పోను అమ్మడానికి రెండున్నర వేల గజాలకు అటూ ఇటూ మిగులుతుంది. రైతు దగ్గర ఎకరం కోటీ ఇరవై లక్షలకు కొన్నాడనుకో, గజానికి 4,800 పడింది. రోడ్లకు, కరెంటుకు, పర్మిషన్లకు ఇంకో రెండు మూడు వేలు వేసుకో. అమ్మేది 15 వేలకు. మధ్యలో ఉన్నది నీకు, నీ పైవాడికి, వాడి పైవాడికి, ఆ పై డైరెక్టరుకు పంచుతారు. అంతా మోసేది చివర కొన్న నీ మేనత్తే. రెండేళ్ల తర్వాత ఆమె అమ్ముకుందామంటే 12 వేలకు కూడా అడిగేవాడుండడు, ఎందుకంటే పక్క వెంచర్లో కొత్త ఏజెంటు కొత్త ప్లాటు అమ్ముతుంటాడు.

ఫార్చ్యూనర్ కల తమ్ముడి కంపెనీ మంచిదే కావచ్చు. నేను చెప్పేది లెక్క.

ఘట్‌కేసర్ కుర్రోడు · జూన్ 16, రాత్రి 10:20

అన్నా, రెండుసార్లు చదివాను. గుంటలు, గజాల లెక్క మా నాన్నకు చెబితే ఆయనకు ముందే తెలుసట! మరి మూడో దుకాణంలోంచి రావడం అంటే ఎలా? నాకు ఒక్క ఓనరు కూడా తెలియదు.

వాణి మియాపూర్ · జూన్ 17, ఉదయం 11:30

ఇది నేను చెబుతాను తమ్ముడూ. ఆరేళ్లుగా మియాపూర్, ప్రగతినగర్‌లో ఫ్లాట్లు చూపిస్తున్నాను. స్కూల్లో టీచరుగా చేసేదాన్ని, కోవిడ్‌లో జీతాలు ఆపేశారు. అలా వచ్చాను.

ఓనర్లు తెలియక్కర్లేదు, వాచ్‌మన్లు తెలిస్తే చాలు. ఏ ఫ్లాటు వచ్చే నెల ఖాళీ అవుతుందో ఓనరుకంటే ముందు వాచ్‌మన్ భార్యకు తెలుస్తుంది, ఆ ఇంట్లో పని చేసేది ఆమే కాబట్టి. నా మొదటి మూడు నెలల పని, రోజూ సాయంత్రం ఒక వీధి నడవడం. టులెట్ బోర్డు కనబడితే ఫోటో, వాచ్‌మన్‌తో రెండు మాటలు, నోట్‌బుక్కులో ఒక లైను. ఏ అంతస్తు, ఏ ఫేసింగ్, మంజీరా నీళ్లున్నాయా, బోరు ఒక్కటేనా, బ్యాచిలర్లకు ఇస్తారా, నాన్‌వెజ్ తినేవాళ్లకు ఇస్తారా. ఈ చివరిది అడగడానికి సిగ్గేసేది, కానీ అడక్కపోతే పార్టీని గేటు దాకా తీసుకెళ్లి తలదించుకుని వెనక్కి రావాలి.

వాచ్‌మన్‌కు చెప్పింది చెప్పినట్టు ఇచ్చేయాలి, ఓనరు నీకు ఇవ్వకపోయినా సరే. ఒక్కసారి ఎగ్గొడితే ఆ వీధి మొత్తం నీకు మూసుకుపోతుంది.

ఫ్లాటు చూపించేటప్పుడు నా బ్యాగులో టార్చి ఉంటుంది. ఖాళీ ఫ్లాటులో కరెంటు ఉండదు, చాలామంది చీకట్లో హాలు చూపించి వచ్చేస్తారు. నేను ముందు వంటింట్లోకి వెళ్లి సింకు కింద తలుపు తీసి టార్చి వేస్తాను. తర్వాత బాత్రూం గోడ వెనక వైపు బెడ్‌రూంలో చెమ్మ ఉందా అని చేత్తో తడిమి చూపిస్తాను. ఉంటే ఉందనే చెబుతాను. ఆ ఫ్లాటు పోతుంది, ఆ ఇల్లాలు మాత్రం పోదు. మళ్లీ నాకే ఫోన్ చేస్తుంది, వాళ్ల చెల్లికి కూడా నంబరు ఇస్తుంది.

ఈ లైన్లోకి రావాలనుకునే ఆడవాళ్లు చదువుతుంటే ఒక మాట. కొత్త మగ పార్టీకి ఖాళీ ఫ్లాటు ఒంటరిగా చూపించకండి. వాచ్‌మన్‌ను తలుపు దగ్గర నిలబెట్టండి. లొకేషన్ ఇంట్లోవాళ్లకు పెట్టి వెళ్లండి. నాకు ఒకసారి భయం వేసింది, ఆ తర్వాత మొదలుపెట్టాను ఇది.

ఉప్పల్ రింగురోడ్డు · జూన్ 17, మధ్యాహ్నం 12:10

వాణక్క చెప్పిన నోట్‌బుక్కే అసలు నోట్‌బుక్కు.

ఘట్‌కేసర్ కుర్రోడు · జూన్ 19, రాత్రి 9:45

నిన్న వెళ్లాను, మూడు ప్రశ్నలూ అడిగాను. రెరాకు ‘అప్లై చేశాం, 45 రోజుల్లో వస్తుంది, వచ్చాక రేటు పెరుగుతుంది, అందుకే ఇప్పుడే కొనాలి’ అన్నారు. సర్వే నంబర్లు అడిగితే ‘అవన్నీ క్లయింటు బుక్ చేశాక’ అన్నారు. మూడోసారి అడిగేసరికి మా సీనియర్ ‘నెగటివ్ మైండ్‌సెట్’ అని అందరి ముందూ అన్నాడు. పుస్తకం టేబుల్ మీద పెట్టి వచ్చేశా. ఖాళీ పుస్తకమే.

షాపు మానలేదు. షిఫ్టు మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది వరకు మార్పించుకున్నా. పొద్దున పూట బోడుప్పల్, పీర్జాదిగూడ, నారపల్లి తిరుగుతా.

ఫార్చ్యూనర్ కల · జూన్ 19, రాత్రి 10:02

‘నెగటివ్ మైండ్‌సెట్’ మా దగ్గర కూడా అంటారు, కాదనను. రెరా లేకుండా బుకింగ్ తీసుకుంటున్నారంటే మాత్రం నువ్వు చేసింది కరెక్టే బ్రదర్.

ఆషాఢం మొదలవుతోంది, ఎవరూ కొనరు. నేర్చుకోవడానికి ఇదే మంచి టైం. నిజంగా అంటున్నా.

పాత దస్తావేజు · జూన్ 20, ఉదయం 6:30

ఆషాఢంలో నేర్చుకోవాల్సింది కాగితం.

మీ నాన్నగారి ఇంటి డాక్యుమెంటో, సొంతిల్లు లేకపోతే ఎవరైనా దగ్గరివాళ్లదో తీసి ముందేసుకో. నాలుగు హద్దులు చదువు. ‘తూర్పు: 30 అడుగుల రోడ్డు’ అని ఉంటే వెళ్లి ఆ రోడ్డు ఎన్ని అడుగులుందో చూసి రా. తర్వాత రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో ఈసీ తీయి, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా. ఆన్‌లైన్లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. ఈసీ కింది నుంచి పైకి చదివితే ఆ భూమి కథ తెలుస్తుంది. ఎవరు ఎవరికి అమ్మారు, ఎప్పుడు బ్యాంకులో పెట్టారు, విడిపించారా లేదా. ఇంకోటి, ఈసీలో లేనిది కూడా ఉంటుంది. రిజిస్టర్ చేయని అగ్రిమెంట్లు, నోటి మాట పంపకాలు, చాలా కోర్టు కేసులు అందులో కనబడవు. అందుకే పక్కింటివాళ్లతో మాట్లాడాలి.

వ్యవసాయ భూమైతే దారి వేరు. అది మండలంలో తహసీల్దార్ దగ్గర జరుగుతుంది. దాని సైటు 2020 అక్టోబర్ నుంచి ధరణి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి. ఏ భూమికైనా నిషేధిత జాబితా చూడాలి, 22ఏ అంటారు. అసైన్డ్ భూమి (సర్కారు పేదలకు ఇచ్చింది), చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు), దేవాదాయం, వక్ఫ్ అందులో ఉంటాయి. హైడ్రా (చెరువు ఆక్రమణలు కూల్చే సర్కారు సంస్థ) వచ్చాక జనం అడిగే మొదటి ప్రశ్నే ‘చెరువు ఎంత దూరం?’ అని. దానికి నీ దగ్గర మ్యాపు ఉండాలి, నోటిమాట పనికిరాదు. శంషాబాద్, మొయినాబాద్ వైపు ఎవరైనా చవకగా ఉందని ఫోన్ చేస్తే 111 జీవో గుర్తు పెట్టుకో. 1996లో జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) కోసం 84 గ్రామాల్లో పెట్టిన ఆంక్షలవి.

నువ్వు లాయరువి కాదు, లీగల్ ఒపీనియన్ లాయరే ఇవ్వాలి. కానీ లాయరు దగ్గరికి వెళ్లేలోపే నీ కంటికి తేడా కనబడాలి.

కృష్ణాతీరం · జూన్ 21, సాయంత్రం 5:10

విజయవాడ నుంచి. ఇక్కడి అనుభవం కూడా చెబుతా.

2015లో మోదీ గారు అమరావతి శంకుస్థాపన చేసినప్పుడు తుళ్లూరులో అడుగుకో రియల్ ఎస్టేట్ ఆఫీసు. నాదీ ఒకటి. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ కుర్చీలు నాలుగు, గోడకు మాస్టర్ ప్లాన్. రాజధాని కోసం పూలింగ్‌లో భూమి ఇచ్చిన రైతులకు ఎకరానికి వెయ్యి గజాల నివాస స్థలం, పైన వాణిజ్య స్థలం వస్తాయి కదా, వాటి మీదే బేరాలు. పొద్దున చెప్పిన రేటు సాయంత్రానికి ఉండేది కాదు. నేను మొనగాణ్ని అనుకున్నా. 2019 డిసెంబర్లో మూడు రాజధానుల మాట వచ్చింది. మర్నాటి నుంచి ఫోను మోగలేదు. టోకెన్ అడ్వాన్సు ఇచ్చినవాళ్లు మాత్రం చేశారు.

నాలుగేళ్లు బెంజ్ సర్కిల్ దగ్గర మా బావమరిది కర్రీ పాయింట్లో కూర్చున్నా. 2024 జూన్ తర్వాత మళ్లీ జనం వస్తున్నారు, నేనూ వచ్చా. ఈసారి మాత్రం సగం పని విజయవాడ ఊళ్లోనే, పటమట, భవానీపురం పాత ఇళ్లు. రాజధాని ఉన్నా లేకపోయినా మనుషులు అద్దెకుండాలి కదా.

అన్నట్టు గజాలు, గుంటలు అంటున్నారు. మా వైపు సెంట్లు. సెంటుకు 48.4 గజాలు. నెల్లూరు, తిరుపతి వైపు వెళితే అంకణాలు, అదీ ఒకచోట 36 చదరపు అడుగులు, ఒకచోట 72. ఏ అంకణమో అడక్కుండా రేటు ఒప్పుకుని తల పట్టుకున్నవాణ్ని నేను కళ్లారా చూశా.

ఫ్రిస్కో పిన్ని · జూన్ 22, ఉదయం 8:25

డాలస్ పక్కన ఫ్రిస్కోలో రియల్టర్‌ని. ఇక్కడ మనవాళ్లు ఎక్కువ, అందుకే నాకు తెలుగులోనే సగం పని. ఇక్కడెలా ఉంటుందో సరదాగా చెబుతా.

టెక్సాస్‌లో సేల్స్ ఏజెంటు లైసెన్సుకు ముందు 180 గంటల క్లాసులు, 30 గంటల చొప్పున ఆరు కోర్సులు. తర్వాత పరీక్ష, వేలిముద్రలు, బ్యాక్‌గ్రౌండ్ చెక్. పాసైనా సొంతంగా పని చేయకూడదు, ఒక బ్రోకర్ కింద చేరాలి. ఇక్కడ బ్రోకర్ అంటే నాకంటే పెద్ద లైసెన్సు ఉన్నాయన. మా అమ్మకు ఫోనులో ‘మా బ్రోకర్ మంచివాడు’ అంటే ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. 2024 ఆగస్టు నుంచి కొనేవాళ్లతో ముందుగా రాతపూర్వక ఒప్పందం లేకుండా ఇల్లు చూపించడానికి కూడా లేదు. అందులో మా కమీషన్ ఎంతో రాసి ఉంటుంది. మొదట్లో మనవాళ్లు సంతకం అంటే బెదిరిపోయారు, ఇప్పుడు అలవాటైంది.

బాబూ, నీకు ఎన్నారై ఓనర్లు తగులుతారు, రెండు సంగతులు గుర్తుంచుకో. ఎన్నారై దగ్గర ఇల్లు కొంటే కొనేవాళ్లు ఒక శాతం టీడీఎస్ (ఇచ్చే డబ్బులోంచి ముందే పట్టుకుని కట్టే పన్ను) కట్టి చేతులు దులుపుకుంటే కుదరదు. అమ్మేది ఎన్నారై అయితే వేరే సెక్షన్ వర్తిస్తుంది, ఎక్కువ పట్టుకోవాలి. ఆడిటర్‌ను కలవకుండా అడుగు వేయనివ్వకు. రెండు, ‘ఫామ్ ల్యాండ్ కొంటారా’ అని ఎన్నారైలకు మెసేజ్‌లు పెట్టకు. వాళ్లు వ్యవసాయ భూమి కొనకూడదు. రోజుకు ఇలాంటివి నాకు నాలుగు వస్తాయి.

ఘట్‌కేసర్ కుర్రోడు · ఆగస్టు 24, రాత్రి 11:15

రెండు నెలలు కనబడలేదు, సారీ. లెక్క చెబుతా. 63 ఇళ్లు చూశాను, నోట్‌బుక్కులో ఉన్నాయి. అద్దెకు ఇప్పించినవి నాలుగు. మొదటి దానికి కమీషన్ 6 వేలు. రెండోదానికి ‘తర్వాత ఇస్తా’ అన్నాడు, ఇంకా తర్వాతే. మూడు, నాలుగు కలిపి 15 వేలు.

ఇప్పుడు బాధ. నారపల్లిలో ఒక ఇండిపెండెంట్ హౌస్ రీసేల్. పార్టీని నేనే తీసుకెళ్లా, మూడుసార్లు చూపించా. వర్షంలో ఒకసారి. నిన్న ఆ వీధి వాచ్‌మన్ చెప్పాడు, వాళ్లిద్దరూ నేరుగా మాట్లాడుకుని బయానా ఇచ్చేసుకున్నారట. ఫోన్ చేస్తే ఓనరు ‘మా వాళ్ల ద్వారా వచ్చారు’ అంటున్నాడు. ఏం చేయాలి?

పాత దస్తావేజు · ఆగస్టు 25, ఉదయం 6:15

దీన్ని మేము ‘చదువుల ఫీజు’ అంటాం. నాకు మొదటి ఏడాదిలో మూడుసార్లు పడింది. ఇప్పుడు దానికి చేసేదేమీ లేదు, గొడవకు మాత్రం పోకు, అదే వీధిలో రేపు తిరగాలి.

ఇక నుంచి చూపించే ముందే వాట్సాప్‌లో పార్టీకి మెసేజ్ పెట్టు. ‘ఫలానా వీధిలో ఫలానా ఇల్లు ఈ రోజు చూపిస్తున్నాను, కొంటే నా కమీషన్ ఒక శాతం’. ఓనరుకు వేరుగా ఒకటి. అటు నుంచి ‘ఓకే’ వచ్చాకే బండి తీయి. సగం మంది ఓకే పెట్టరు. వాళ్లు ఎటూ ఇచ్చేవాళ్లు కాదు, నీ పెట్రోలు మిగిలింది.

కమీషన్ అడిగే చోటు రిజిస్ట్రేషన్ ఆఫీసు గేటు కాదు. అగ్రిమెంటు రాసే రోజే సగం, రిజిస్ట్రేషన్ రోజు సగం అని ముందే మాట్లాడుకో. సంతకాలు అయిపోయాక నువ్వు వాళ్లకు కనబడవు.

లెక్కల మాస్టారు · ఆగస్టు 25, ఉదయం 10:40

ఆడిటర్‌ను. అడక్కపోయినా చెబుతున్నాను.

టోకెన్ డబ్బు నీ ఫోన్‌పేలో వేయించుకోకు. కొనేవాడి ఖాతా నుంచి అమ్మేవాడి ఖాతాకే పోవాలి. బేరం చెడితే నీ మెడకు చుట్టుకుంటుంది. ఆస్తి తాలూకు అడ్వాన్స్ 20 వేలు, ఆపైన నగదుగా తీసుకోవడం చట్టం ఒప్పుకోదు, తీసుకున్నంత మొత్తం జరిమానా పడొచ్చు. నోట్ల సంచి మోసే పని ఎవరైనా అప్పగిస్తే కడుపు నొప్పి అని చెప్పు.

కంపెనీలు నీకు కమీషన్ ఇస్తే రెండు శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తాయి. రిటర్న్ వేస్తే లెక్క తేలుతుంది. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ 18 శాతం. ఆ రోజు వచ్చినప్పుడు స్వీట్లు పట్టుకుని రా.

వాణి మియాపూర్ · ఆగస్టు 25, మధ్యాహ్నం 1:00

రెండోవాడి ‘తర్వాత’ సంగతి నాకు తెలుసు. నెలకోసారి గుడ్ మార్నింగ్ మెసేజ్ పెట్టు, డబ్బు మాట ఎత్తకు. నాకు ఒకాయన పదకొండో నెలలో ఇచ్చాడు, ఇల్లు ఖాళీ చేస్తూ మళ్లీ నా అవసరం పడి.

ఘట్‌కేసర్ కుర్రోడు · నవంబర్ 16, రాత్రి 10:05

శుక్రవారం నా మొదటి రీసేల్ రిజిస్ట్రేషన్ అయింది!!

నేను ఆగస్టులో అద్దెకు ఇప్పించిన నాలుగో ఫ్యామిలీయే కొన్నారు. పోచారంలో ఐటీ జాబ్ ఆయనకు. ప్లాటు బోడుప్పల్ దాటాక. డాక్యుమెంటులో 36 ఇంటూ 50, అంటే 200 గజాలు. గజం 32 వేలకు బేరం, 64 లక్షలు. ఈసీ చూశాం, లింకు డాక్యుమెంట్లు (పాత ఓనర్ల దస్తావేజులు) లాయరుకు చూపించాం, ఎల్‌ఆర్‌ఎస్ కట్టిన రసీదు ఉంది. అంతా క్లియర్.

అగ్రిమెంటుకు ముందు రోజు ఎందుకో హద్దుల సంగతి గుర్తొచ్చింది. డాక్యుమెంటులో తూర్పున 25 అడుగుల రోడ్డు అని ఉంది, అక్కడ చూస్తే రోడ్డు వెడల్పుగా అనిపించింది. పొద్దున ఆరింటికి వెళ్లి టేపు పట్టి కొలిచా. 36 సరిగ్గానే వచ్చింది. లోతు 50 రావాల్సింది 46 వచ్చింది. మూడుసార్లు కొలిచా, 46 అడుగులే. ఎప్పుడో రోడ్డు వెడల్పు చేసినప్పుడు నాలుగు అడుగులు పోయింది, పాత డాక్యుమెంటు అలాగే ఉండిపోయింది. 184 గజాలే ఉంది.

పార్టీకి చెప్పా. అమ్మేవాళ్ల తరఫు బ్రోకర్ పెద్దాయన నా మీద అంతెత్తున లేచాడు. ‘ముప్పై ఏళ్లుగా చేస్తున్నా, టేపు ఎవడు తెమ్మన్నాడురా నిన్ను?’ అని. బేరం పోయిందనే అనుకున్నా. పది రోజులు ఎవరూ ఫోన్ ఎత్తలేదు. పదకొండో రోజు ఓనరే చేసి, ఉన్న 184 గజాలకే రాద్దామన్నాడు. 58 లక్షల 88 వేలు. మా పార్టీ ఒక శాతం టీడీఎస్ కూడా కట్టారు మాస్టారూ.

నా కమీషన్ 58 వేలు బ్యాంకులో పడింది, సగం అగ్రిమెంటు రోజు, సగం శుక్రవారం. రెరా ఏజెంటు రిజిస్ట్రేషన్‌కు పది వేలు పక్కన పెట్టా. షాపు ఇప్పుడే మానను, చెల్లి పెళ్లి అయ్యాక చూద్దాం.

ఫార్చ్యూనర్ కల · నవంబర్ 16, రాత్రి 10:20

కంగ్రాట్స్ బ్రదర్! 16 గజాలంటే 5 లక్షల 12 వేలు మిగిల్చావు వాళ్లకు. పార్టీ ఎక్స్‌ట్రా ఏమన్నా ఇచ్చిందా?

ఘట్‌కేసర్ కుర్రోడు · నవంబర్ 16, రాత్రి 10:24

స్వీట్ బాక్సు ఇచ్చారు. వాళ్ల టీం లీడరుకు నా నంబరు కూడా.

కృష్ణాతీరం · నవంబర్ 17, ఉదయం 9:00

శుభం. ఆ పెద్దాయనతో మాత్రం సంధి చేసుకో. ఆయన దగ్గర అమ్మే పార్టీలుంటాయి, నీ దగ్గర కొనే పార్టీలుంటాయి.

పాత దస్తావేజు · నవంబర్ 17, ఉదయం 9:40

టేపు ఏది వాడావు? క్లాత్ టేపు సాగుతుంది, రెండు మూడు అంగుళాలు తేడా కొడుతుంది.

ఘట్‌కేసర్ కుర్రోడు · నవంబర్ 17, ఉదయం 9:52

ఫైబర్‌దన్నా, 30 మీటర్లది. షాపు పక్క హార్డ్‌వేర్‌లో కొన్నా.

పాత దస్తావేజు · నవంబర్ 17, ఉదయం 9:55

సరే. పొద్దున ఆరింటికి రెండో కొస ఎవరు పట్టుకున్నారు?

ఘట్‌కేసర్ కుర్రోడు · నవంబర్ 17, ఉదయం 9:58

నాన్న. ఆటో పక్కన ఆపి వచ్చారు.